ఆంధ్రా అల్లుడి రాజీనామా తరవాత

పోయిన సంక్రాంతికి చోడవరం వెళ్ళినప్పుడు మా నాన్నకీ నాకూ చిన్న గొడవైంది. ఆస్తి గురించి కాదు, రాజకీయ పార్టీల గురించీ కాదు. చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గురించి. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆయన్ని మా ఇంట్లో ఎవరూ చూసింది లేదు.

టీవీలో రాష్ట్రం అప్పుల మీద చర్చ నడుస్తోంది. ఒక మాజీ ఆర్థికమంత్రి ఒక అంకె చెప్పాడు. ఎదుటి పార్టీ ఆయన దానికి సగం కూడా లేని అంకె చెప్పాడు. ఇద్దరి చేతుల్లోనూ కాగితాలున్నాయి. నాన్న రిమోట్ తీసుకుని నోరు నొక్కేశారు.

"ఈళ్ళందరికీ కుర్చీ దిగేకే లెక్కలు గుర్తొస్తాయిరా" అన్నారు.

అందరూ అలాగే ఉండరు నాన్నా అన్నాను. అప్పటికి కొన్నాళ్ళుగా 1950ల చరిత్ర చదువుతున్నాను. ఆ ఊపులో దేశ్‌ముఖ్ పేరు చెప్పాను. ప్రధాని నెహ్రూతో పడక, ఆర్థికమంత్రి పదవి వదిలేసి వచ్చిన మనిషి. బయటికొచ్చాక కూడా ఊరుకోకుండా ప్రభుత్వాన్ని నిలదీసిన మనిషి.

నాన్న నవ్వారు. "దేశ్‌ముఖా! మా జీతాలు కోసినాయన. గిరిగారు ఎవరి మూలాన రాజీనామా చేసేరనుకున్నావ్?"

నాన్న ముప్పై అయిదేళ్ళు బ్యాంకు గుమాస్తా. యూనియన్ మనిషి. 1954లో జరిగిన సంగతి ఆయన పుట్టక ముందుది. అయినా సీనియర్లు చెప్పగా విని, సొంత బాకీలాగా దాచుకున్నారు. నాకు వి.వి. గిరి తెలుసు, దేశ్‌ముఖ్ తెలుసు. ఇద్దరినీ ఒకే కథలో ఎప్పుడూ చూడలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ కథ వెతుక్కుంటూ కూర్చున్నాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే.

ముందు ఆయన మనకేమవుతాడో చెప్పాలి. దేశ్‌ముఖ్ మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలో 1896లో పుట్టాడు. ఐ.సి.ఎస్. అధికారి. 1943లో రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరయ్యాడు. 1944లో బ్రెటన్ వుడ్స్ సమావేశానికి వెళ్ళిన మన ప్రతినిధుల్లో ఒకడు. 1950 నుంచి 1956 దాకా కేంద్ర ఆర్థికమంత్రి. వీటికి తోడు సంస్కృతం మీద మంచి పట్టున్నవాడు. మేఘదూతాన్ని మరాఠీలోకి అనువదించాడు. ఇవాళ్టి ఆర్థికమంత్రుల గురించి ఇలాంటి వాక్యం రాసే అవకాశం మనకి తక్కువ.

1953 జనవరి 22న ఆయన దుర్గాబాయిని పెళ్ళి చేసుకున్నాడు. రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి. తేదీ ఒకసారి చూడండి. పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణం వదిలింది 1952 డిసెంబరు 15న. నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. ఆ తరవాత నెల తిరిగేసరికి ఈ పెళ్ళి. మనకి రాష్ట్రం వచ్చి, మద్రాసు పోతున్న రోజుల్లో దేశపు ఖజానా తాళాలున్నాయన ఆంధ్రా అల్లుడయ్యాడు. మూడేళ్ళకి ఆయనకీ ఒక నగరం గొడవ వచ్చిపడింది. దాని సంగతి తరవాత.

ముందు నాన్న బాకీ సంగతి చూద్దాం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బ్యాంకులన్నీ ప్రైవేటువే. గుమాస్తాల జీతాలు ఒక్కో బ్యాంకులో ఒక్కో రకం. సమ్మెలయ్యాయి, ట్రిబ్యునళ్ళు వేశారు. 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ అవార్డు ఇచ్చింది. దాని మీద అప్పీలు విని 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉద్యోగులకి ఇంకొంచెం మేలుచేసే తీర్పు ఇచ్చింది. అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తీర్పుని మార్చే అధికారం చట్టం ప్రభుత్వానికిచ్చింది. 1954 ఆగస్టులో ప్రభుత్వం ఆ అధికారం వాడి తీర్పుని మార్చింది, ఉద్యోగులకి నష్టం కలిగేలా.

కార్మికమంత్రి వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1952 ఎన్నికల్లో పాతపట్నం నుంచి, అంటే మా ఉత్తరాంధ్ర నుంచే, లోక్‌సభకి వెళ్ళాడు. రైల్వే కార్మిక సంఘాల్లో పెరిగిన మనిషి. ట్రిబ్యునల్ ఒకసారి తీర్పిచ్చాక ప్రభుత్వమే దాన్ని కాదంటే ఇంక కార్మికుడు ఎవర్ని నమ్ముతాడని ఆయన బాధ. రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. అప్పుడు ఆర్థిక శాఖ దేశ్‌ముఖ్ చేతిలో ఉంది.

అంటే నాన్న చెప్పింది నిజమే. యూనియన్ జ్ఞాపకంలో దేశ్‌ముఖ్‌కి ఆ చోటు ఊరికే రాలేదు.

అయితే అవతలి వాదన కూడా వినాలి. పెరిగిన జీతాలు చిన్న బ్యాంకులూ, చిన్న ఊళ్ళ శాఖలూ భరించలేవని, అవి మూతపడతాయని ప్రభుత్వం భయం. అదొట్టి సాకు అనుకోవడానికి లేదు. సరిగ్గా అదే కాలంలో రిజర్వు బ్యాంకు వేయించిన గ్రామీణ రుణ సర్వే బయటికొచ్చింది. రైతు తెచ్చుకునే అప్పులో వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు 70 శాతం. సహకార సంఘాలది 3.1 శాతం. వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం. అంటే రైతు వంద రూపాయలు అప్పు చేస్తే అందులో బ్యాంకు నుంచి వచ్చింది రూపాయి కన్నా తక్కువ.

మా తాత చెరకు రైతు. ఆయనకి ఈ సర్వే సంగతి తెలీదు గానీ, సర్వే చెప్పింది ఆయనకి కంఠతా వచ్చు. నాట్లకి షావుకారు దగ్గర అప్పు, బెల్లం వండేక అనకాపల్లి మార్కెట్లో అమ్మి తీర్చడం, మిగిలితే పండగ, మిగలకపోతే మళ్ళీ అదే షావుకారు. మా ఇంట్లో బ్యాంకు అన్న మాట కౌంటరుకి ఇవతల నిలబడ్డ తాత దగ్గరా, అవతల కూచున్న నాన్న దగ్గరా వేరువేరు అర్థాల్లో వినిపించేది. తాతకి కావలసింది ఊళ్ళో శాఖ. నాన్నకి కావలసింది శాఖలో న్యాయమైన జీతం. 1954లో ఢిల్లీలో తగువు పడ్డవి ఈ రెండు కోరికలే.

ఆ తగువు ఎలా తేలింది? ప్రభుత్వం కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ దాన్ని పూర్తి చేశాడు. అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పునే, కమిషన్ చెప్పిన సవరణలతో అమలు చేస్తూ 1955లో చట్టం వచ్చింది. అదే ఏడు జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు ప్రభుత్వపరమై స్టేట్ బ్యాంకు అయింది. అయిదేళ్ళలో 400 కొత్త శాఖలు తెరవాలని దానికి లక్ష్యం పెట్టారు. అదీ దేశ్‌ముఖ్ హయాంలోనే. జీతాలు కోసినాయన అన్న ఒక్క ముక్కలో ఆయన్ని చుట్టెయ్యడం కుదరదు. గొప్ప మనిషి అన్న ముక్కలోనూ కుదరదు.

ఇప్పుడు నగరం గొడవ.

1956 జనవరి 16న నెహ్రూ రేడియోలో ఒక సంగతి ప్రకటించాడు. బొంబాయి నగరం మహారాష్ట్రకీ గుజరాత్‌కీ చెందకుండా కేంద్రం పాలనలో ఉంటుంది. సరిగ్గా మూడు రోజుల తరవాత, జనవరి 19న, అదే రేడియోలో ఇంకో గొంతు. జీవిత బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం తీసుకుంటోందని ఆర్థికమంత్రి దేశ్‌ముఖ్ ప్రకటన. 245 బీమా సంస్థలు ఒక్క ఆర్డినెన్సుతో ప్రభుత్వం చేతికొచ్చాయి. ఒక్క వారంలో ఒకే రేడియోలో రెండు ప్రకటనలు. మొదటిది రెండో గొంతుని ప్రభుత్వం నుంచి బయటికి పంపింది.

మద్రాసు కోసం కొట్లాడి పోగొట్టుకున్న మనకి బొంబాయి కోసం మరాఠీలు పడ్డ బాధ వివరించక్కర్లేదు. అక్కడ పోలీసు కాల్పుల్లో పదులమంది చనిపోయారు. దేశ్‌ముఖ్ 1956 జూలైలో పదవి వదిలేశాడు. ఆయన ఫిర్యాదులో నన్ను ఆపింది భాషాభిమానం కాదు. ఆయన అడిగినవి రెండు. ఇంత పెద్ద నిర్ణయం మంత్రివర్గంలో సరిగ్గా చర్చించకుండా ఎలా తీసుకున్నారు? కాల్పుల మీద న్యాయవిచారణ ఎందుకు వెయ్యరు? నిర్ణయం ఏమిటి అన్నదానితో పాటు, ఆ నిర్ణయం ఎలా జరిగింది అన్నది కూడా ఆయన ప్రశ్న.

ఆ సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. పని మొదలుపెట్టింది. దాన్ని కన్న మంత్రి అప్పటికి మాజీ.

ఏడాది తిరక్కుండానే ఎల్.ఐ.సి. దారి తప్పింది. 1957 జూన్‌లో హరిదాస్ ముంధ్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో ఎల్.ఐ.సి. సుమారు కోటీ పాతిక లక్షలు పెట్టి షేర్లు కొంది. ఆ కంపెనీల పరిస్థితి బాగా లేదు. పెట్టుబడుల కమిటీని సరిగ్గా అడగలేదు. లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ ఈ సంగతి బయటపెట్టాడు. ఆయన కాంగ్రెస్ ఎంపీ, ప్రధాని అల్లుడు. జస్టిస్ చాగ్లా విచారణ జనం మధ్యలో, బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు.

ఆ డబ్బు ఎవరిదో గుర్తు చేసుకోండి. మా అమ్మ బీరువాలో, చీరల కింద, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఒక పాలసీ కాగితం ఉంటుంది. నా ఇంజినీరింగ్ ఫీజుకి ఒకసారి దాని మీదే అప్పు తెచ్చారు. ముంధ్రా కంపెనీల్లోకి వెళ్ళింది అలాంటి కాగితాల వెనక ఉన్న డబ్బే. ప్రైవేటు కంపెనీలు జనం ప్రీమియం డబ్బుని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నాయనే గదా జాతీయం చేసింది. ప్రభుత్వం చేతిలోకి వచ్చాక అదే పని జరిగితే?

1959లో మద్రాసులో చేసిన ఒక ప్రసంగంలో దేశ్‌ముఖ్ ఈ ప్రశ్నకి తన జవాబు చెప్పాడు. అధికారంలో ఉన్నవాళ్ళ మీద వచ్చే అవినీతి ఆరోపణల్ని విచారించడానికి ఒక శాశ్వతమైన, స్వతంత్రమైన ట్రిబ్యునల్ ఉండాలన్నాడు. వేస్తే, తన ఎరుకలో ఉన్న అరడజను కేసులు తనే ముందు తీసుకొచ్చి ఇస్తానన్నాడు. పెద్ద దుమారం లేచింది. పేర్లు చెప్పమని ఒకవైపు, గాలి మాటలని ఒకవైపు. నెహ్రూ ఒప్పుకోలేదు. ఇలాంటి ట్రిబ్యునల్ పెడితే అనుమానాల వాతావరణం తయారవుతుందని ఆయన అభిప్రాయం.

దేశ్‌ముఖ్ అడిగింది వెంటనే ఎవరూ ఇవ్వలేదు. 1962లో సంతానం కమిటీ, 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్, 1968లో మొదటి లోక్‌పాల్ బిల్లు. చట్టం వచ్చింది 2013లో. మొదటి లోక్‌పాల్ కుర్చీలో కూర్చున్నది 2019లో. ఒక మాజీ మంత్రి ఉపన్యాసానికీ దాని అమలుకీ మధ్య సరిగ్గా అరవై ఏళ్ళు.

ఈ ప్రసంగం గురించి చదువుతున్నప్పుడు ఒక్కచోట ఆగిపోయాను. 1954లో ట్రిబ్యునల్ తీర్పుని పక్కన పెట్టిన ప్రభుత్వంలో ఆయన ఆర్థికమంత్రి. 1959లో ఏ ప్రభుత్వమూ పక్కన పెట్టలేని ట్రిబ్యునల్ కావాలంటున్నదీ ఆయనే. నాన్న ఈ వాక్యం వింటే గట్టిగా నవ్వుతారు.

నేను మొదట నాన్న పక్షానే ఆలోచించాను. కుర్చీ మీద ఉంటే ట్రిబ్యునల్ అడ్డం, కుర్చీ దిగితే ట్రిబ్యునల్ అవసరం. తరవాత ఇంకోలా అనిపించింది. తీర్పుని మార్చడం ఎంత తేలికో, ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి వెళ్ళేలోపు అది ఎలా జరిగిపోతుందో, చేసినవాడికే బాగా తెలుసు. మా ఆఫీసులో సర్వర్ పడిపోయినప్పుడు తరవాత కూర్చుని కారణాలు రాసుకుంటాం. ఆ మీటింగులో అందరికన్నా పనికొచ్చే మాట చెప్పేది, తప్పు ఎక్కడ జరగొచ్చో లోపల్నించి చూసినవాడే. ఒక్క షరతు: తను నొక్కిన బటన్ గురించి కూడా వాడు చెప్పాలి.

దేశ్‌ముఖ్ దగ్గర నాకు నచ్చిందీ, నచ్చనిదీ ఆ షరతు దగ్గరే తేలతాయి. "నేను చెబుతున్నాను కాబట్టి నమ్మండి" అని ఆయన అనలేదు. విచారించే చోటు పెట్టండి, నా కాగితాలు అక్కడ పెడతాను అన్నాడు. మాజీ మంత్రులు మాట్లాడే తీరులో ఇది చాలా అరుదు. కానీ ఆయన ఎత్తి చూపించినవి ఎదుటివాళ్ళ తప్పులు. గుమాస్తాల ట్రిబ్యునల్ దగ్గర తన ప్రభుత్వం చేసిన పని ఆ జాబితాలో ఉండదగినదే.

ఇక 1969. కథ తెలుగువాళ్ళతో నిండిపోయే ఏడాది.

మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయాడు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి. కాంగ్రెస్ పెద్దలు అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టారు. ఇందిరా గాంధీకి అది ఇష్టం లేదు. జూలై 16న ఆమె మొరార్జీ దేశాయ్ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ తీసేసుకుంది. ప్రైవేటు బ్యాంకుల్ని అలాగే ఉంచి వాటి మీద సామాజిక నియంత్రణ పెడితే చాలన్నది మొరార్జీ విధానం. జూలై 19న, 50 కోట్లకి మించి డిపాజిట్లున్న 14 బ్యాంకుల్ని జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకం పెట్టింది వి.వి. గిరి. మర్నాడే పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా దిగాడు. బ్యాంకు గుమాస్తాల కోసం 1954లో రాజీనామా చేసినాయనే పదిహేనేళ్ళకి ఆ బ్యాంకుల్ని ప్రభుత్వానికి అప్పగించే కాగితం మీద సంతకం చేశాడు. యూనియన్ ఆఫీసుల్లో ఆయన ఫోటో ఎందుకుండేదో నాకప్పుడు అర్థమైంది.

మూడో ముఖ్య అభ్యర్థి మన అల్లుడు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ ఆయన్ని బలపరిచాయి. ఇంపీరియల్ బ్యాంకునీ జీవిత బీమానీ జాతీయం చేసిన మంత్రి, జాతీయీకరణని గట్టిగా వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీ మద్దతుతో నిలబడ్డాడు. ఆగస్టు 16న పోలింగు. మొదటి ప్రాధాన్యం లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరికీ సరిపడా రాలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కిస్తే గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. దేశ్‌ముఖ్‌కి ఓటేసినవాళ్ళలో చాలామంది రెండో గడిలో సంజీవరెడ్డిని పెట్టారన్నమాట. గిరి చాలా కొద్దిలో గట్టెక్కాడు.

బ్యాంకులు ఎవరి చేతిలో ఉండాలన్న చర్చలో దేశ్‌ముఖ్ అంత తెలిసిన మనిషి దేశంలో అరుదు. రిజర్వు బ్యాంకు నడిపినవాడు, ఇంపీరియల్ బ్యాంకుని మార్చినవాడు. కానీ ఆ వేసవిలో ఆయన తెలివి ఎవరికీ వినపడలేదు, ఆయన ఓట్లు ఎటు వెళ్తాయన్న లెక్కే వినపడింది. 1959లో ఒంటరిగా మాట్లాడినప్పుడు ఆయన వెనక ఏ పార్టీ లేదు. ప్రధాని జవాబు చెప్పాల్సొచ్చింది. 1969లో రెండు పార్టీలు వెనకున్నాయి. ఆయన ఒక అంకె అయ్యాడు.

నాన్న పనిచేసిన బ్యాంకుకి మా చుట్టుపక్కల శాఖలు వచ్చింది ఆ జాతీయీకరణ తరవాతే. తాత చివరి రోజుల్లో పంట అప్పు తెచ్చుకున్నది అలాంటి ఒక శాఖలోనే. అందుకని మా ఇంట్లో గిరి గెలవడం మంచిదే అయింది. ఆ మాట దాచుకోను.

మళ్ళీ టీవీ దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభలో, 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు పెట్టారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇది ఆనవాయితీ అయిపోతోంది. పాత మంత్రి లేచి ఆ అంకెలు తప్పంటాడు. చాలాసార్లు ఇద్దరూ అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. ప్రభుత్వం నేరుగా తెచ్చిన అప్పు ఒక లెక్క. కార్పొరేషన్ల పేరు మీద, ప్రభుత్వం హామీ సంతకంతో తెచ్చింది ఇంకో లెక్క. కాంట్రాక్టర్లకీ ఉద్యోగులకీ చెల్లించాల్సిన బకాయిలు మూడో లెక్క. ఎవడికి అనుకూలమైనవి వాడు కలుపుతాడు, మిగతావి వదిలేస్తాడు. ఏది కలిపాడో అడిగితే చాలు, సగం చర్చ అక్కడే ఆగిపోతుంది.

అందుకని మాజీ ఆర్థికమంత్రి మాట్లాడుతుంటే ఇప్పుడు నేను మూడు సంగతులు చూస్తున్నాను. కుర్చీలో ఉండగా ఇదే విషయంలో ఏం చేశాడు? కుర్చీ వదలడానికి ఏమైనా పోగొట్టుకున్నాడా, ఓడిపోయి దిగాడా? తనని నమ్మమంటున్నాడా, లెక్క తనిఖీ చేసే చోటికి రమ్మంటున్నాడా? దేశ్‌ముఖ్ రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ బాగా నిలబడతాడు. మొదటి ప్రశ్న దగ్గర నాన్నలాంటివాళ్ళు దారి అడ్డం కడతారు. కట్టాలి కూడా. బయటికొచ్చాక చెప్పిన మంచిమాట లోపలున్నప్పుడు చేసిన పనిని కొట్టెయ్యదు. లోపల చేసిన తప్పు బయట చెప్పిన నిజాన్నీ కొట్టెయ్యదు.

దుర్గాబాయి 1981 మేలో పోయింది. మరుసటి ఏడు అక్టోబరు 2న దేశ్‌ముఖ్ పోయాడు, హైదరాబాద్‌లోనే. రోజూ ఆఫీసు క్యాబ్‌లో తిరిగే ఈ ఊళ్ళోనే ఆయన చివరి రోజులు గడిచాయని ఇన్నేళ్ళు నాకు తెలీదు.

ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. స్టేట్ బ్యాంకు సంగతి, బొంబాయి, ముంధ్రా, మద్రాసు ప్రసంగం, అరవై ఏళ్ళ తరవాత వచ్చిన లోక్‌పాల్. అరుగు మీద కూచుని మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. గోవాడ ఫ్యాక్టరీ వైపు రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. ఆఖర్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ట్రిబ్యునల్ అడిగేడంటే మంచి పనే చేసేడు. నాకు తెలీదు అది" అన్నారు.

కాసేపాగి, "అయినా జీతాల సంగతి జీతాలదేరా" అన్నారు.